ఆర్స్ విచారణ: ఒక ఫ్రెంచి పల్లె దేవాలయ చరిత్ర

ఆర్స్ తూర్పు ఫ్రాన్స్‌లోని ఏన్ జిల్లాకు చెందిన చిన్న గ్రామం, అదే పేరుగల కతోలిక విచారణకు కేంద్రం. లియోన్ నగరానికి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, ఫొర్మాన్స్ అనే చిన్న వాగు పక్కన ఉంది. 1956 నుంచి దీని అధికార నామం ఆర్స్-సుర్-ఫొర్మాన్స్. 1818లో ఇక్కడ సుమారు 230 మంది ఉండేవారు. పూర్తి విచారణ హోదా కూడా లేని ఆ గ్రామానికి నలభై ఏళ్ల తరువాత ఏటా వేలాది యాత్రికులు వచ్చారు. ఆ నలభై ఏళ్లూ అక్కడ సేవ చేసిన గురువు జాన్ మరియ వియాన్నీని కతోలిక శ్రీసభ విచారణ గురువులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించింది. ఆయన చరిత్రను విచారణ చరిత్ర నుంచి విడదీయలేము. అయితే విచారణను నిలబెట్టిన వారిలో గ్రామ రైతులు, పాఠశాల నడిపిన యువతులు, ఊరి జమీందారీ కుటుంబం, పొరుగూళ్ల మఠవాసులు కూడా ఉన్నారు.

ప్రదేశం, ప్రజలు

ఆర్స్ గ్రామం డోంబ్ అనే పీఠభూమి పడమటి అంచున ఉంది. అక్కడిది నీరు ఇంకని బంకమట్టి నేల. మధ్యయుగాల నుంచి ఆ ప్రాంత రైతులు చెరువులు తవ్వి, కొన్నేళ్లు చేపలు పెంచి, తరువాత నీరు వదిలేసి అదే మడుగులో ధాన్యం పండించేవారు. నిలవనీటి వల్ల జ్వరాలు ఎక్కువగా వచ్చేవి. 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఊరి ఇళ్లలో చాలావరకు మట్టిగోడలవే. సొంత భూమి ఉన్నవారు కొద్దిమంది, మిగతావారు కౌలుదారులు, పాలేర్లు, దినకూలీలు. పంట కాలంలో ఆదివారం కూడా పొలం పనులు సాగేవి. పిల్లలు చిన్ననాటి నుంచే పశువులు కాసేవారు, చలికాలంలో మాత్రమే చదువుకు తీరిక దొరికేది.

ఊరి వెలుపల గార్నియే దె గారె వంశీకుల కోట ఉండేది. విప్లవం తరువాత కూడా ఆ కోట దొరసాని గ్రామంలోనే ఉండి, దేవాలయానికీ పేదలకూ అండగా నిలిచింది. పారిస్‌లో నివసించే ఆమె సోదరుడు దేవాలయ అలంకరణలకూ పూజావస్త్రాలకూ ధారాళంగా ధనం పంపాడు.

విప్లవానికి ముందు, విప్లవ కాలంలో

ఆర్స్ దేవాలయాన్ని 12వ శతాబ్దంలో నిర్మించారు. దీని పాలక పునీతుడు తొలి శతాబ్దాల పోపు, వేదసాక్షి అయిన సిక్స్తుస్. ఆయన పండుగ ఆగస్టు 6న ఊరంతటికీ పండుగే. రాచరిక కాలంలో ఫ్రాన్స్‌లోని ప్రతి పల్లెలాగే ఇక్కడా జ్ఞానస్నానాలు, వివాహాలు, సమాధులు విచారణ రిజిస్టర్లలోనే నమోదయ్యేవి. జననమరణాల లెక్క, పేదల సాయం, పిల్లల చదువు, పన్నుల ప్రకటన అన్నీ గుడి చుట్టూనే తిరిగేవి. కనుక గుడి మూతపడితే ఊరి పొందికే చెదిరిపోయేది.

1789 విప్లవం తరువాత జరిగింది అదే. 1790లో జాతీయ రాజ్యాంగ సభ చేసిన శాసనం గురువులను ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చి, రాజ్యాంగానికి విధేయత ప్రమాణం చేయమన్నది. రోము దానిని ఖండించడంతో ఫ్రెంచి గురువులు రెండుగా చీలిపోయారు. ప్రమాణం చేయనివారు అజ్ఞాతంలోకో ప్రవాసంలోకో వెళ్లారు. ఆర్స్ గురువు ప్రమాణం చేశాడు, కొంతకాలానికి గురుత్వాన్నే వదిలేశాడు. 1793 నాటి మతవ్యతిరేక ఉద్యమంలో దేవాలయాన్ని దోచుకున్నారు, అది విప్లవ సంఘ సమావేశాలకు వేదికయింది. ఆ తరం పిల్లలు సత్యోపదేశం లేకుండానే పెరిగారు. నమ్మకం నిలుపుకున్న కుటుంబాలు రాత్రివేళ ఏ కొట్టంలోనో రహస్యంగా దివ్యబలిపూజకు చేరేవి.

1801లో నెపోలియన్‌కూ పోపు ఏడవ పయస్‌కూ కుదిరిన ఒప్పందంతో గుడులు మళ్లీ తెరుచుకున్నాయి. అయితే గురువుల కొరత వల్లా, ఖర్చు తగ్గించడానికీ విచారణల సంఖ్యను కుదించారు. ఆర్స్‌ను పొరుగున ఉన్న మిజెరియు విచారణకు అనుబంధంగా చేర్చారు. అలా 19వ శతాబ్దపు మొదటి రెండు దశాబ్దాల్లో ఆర్స్ గుడికి సొంత విచారణ హోదా లేదు. అక్కడ పనిచేసేవాడు సహాయక గురువు మాత్రమే. 1818 జనవరిలో అలాంటి యువ గురువు ఒకరు చిన్న వయసులోనే మరణించడంతో ఆ స్థానం ఖాళీ అయింది.

కొత్త గురువు

జాన్ మరియ వియాన్నీ 1786 మే 8న లియోన్ సమీపంలోని దార్దియీ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. విప్లవ కాలంలో పెరిగినందున తొలి దివ్యసత్ప్రసాదం తలుపులు మూసిన ఇంట్లో రహస్యంగా స్వీకరించాడు. ఇరవై ఏళ్ల వయసు దగ్గరపడ్డాక ఎక్యులీ విచారణ గురువు షార్ల్ బాలే దగ్గర చదువు మొదలుపెట్టాడు. లతీను అతనికి కొరుకుడు పడలేదు. 1809లో సైన్యానికి పిలుపు వచ్చినప్పుడు జబ్బుపడి దళాన్ని అందుకోలేక, ఏడాదికి పైగా కొండ ప్రాంతంలోని లె నొయె గ్రామంలో తలదాచుకున్నాడు. సెమినరీ పరీక్షల్లో వెనుకబడినా, అతని భక్తినీ వివేకాన్నీ నమ్మి బాలే పట్టుబట్టడంతో 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో గురుపట్టం పొందాడు. రెండేళ్లకు పైగా ఎక్యులీలో బాలేకు సహాయకుడిగా ఉండి, ఆయన మరణం తరువాత 1818 ఫిబ్రవరిలో ఆర్స్‌కు నియమితుడయ్యాడు.

దార్దియీ, ఎక్యులీ వైపు నుంచి నడిచి వచ్చిన ఆయన పొగమంచులో దారి తప్పి, పశువులు కాస్తున్న ఒక కుర్రవాణ్ణి ఆర్స్ దారి అడిగాడన్న కథ ఆ గ్రామంలో స్థిరంగా నిలిచింది. దారి చూపిన కుర్రవాడికి స్వర్గానికి దారి చూపుతానని ఆయన మాటిచ్చాడని చెబుతారు. ఆ చోట తరువాత ఇద్దరి కంచు విగ్రహాలను నిలిపారు.

1820లో మేత్రాసన అధికారులు ఆయనను బోజొలే ప్రాంతంలోని సాల్ గ్రామానికి బదిలీ చేశారు. సామాను సర్దుకున్నాడు గాని, సోన్ నదికి వరద రావడంతో దాటలేకపోయాడు. ఈలోగా గ్రామస్థులు తమ గురువును తమకే ఉంచమని అర్జీ పెట్టుకున్నారు, బదిలీ రద్దయింది. 1821లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఆర్స్‌కు విచారణ హోదా తిరిగి లభించింది. విచారణ కావాలని జనమే కోరుకోవడం మొదలైంది గనుక ఆర్స్ చరిత్రలో ఇది ముఖ్యమైన మలుపు. 1822లో పునరుద్ధరించిన బెలే మేత్రాసనం పరిధిలోకి ఆర్స్ వచ్చింది. 1823లో దాని పీఠాధిపతిగా వచ్చిన అలెగ్జాండర్ దెవీ ఈ పల్లె గురువును చివరి వరకు సమర్థించాడు.

గ్రామ సంస్కరణ

కొత్త గురువు ముందు ఇంటింటికీ వెళ్లాడు. మధ్యాహ్న భోజనవేళ రైతులు ఇంట్లో దొరుకుతారని ఆ సమయంలోనే వెళ్లి పంటల గురించి, పిల్లల గురించి, పశువుల గురించి మాట్లాడి, చివర్లో దేవుడి మాట ఎత్తేవాడు. పిల్లలకు తెల్లవారుజామునే సత్యోపదేశం చెప్పేవాడు. పురుషుల కోసం దివ్యసత్ప్రసాద సంఘాన్నీ, స్త్రీల కోసం జపమాల సంఘాన్నీ మళ్లీ నిలబెట్టాడు.

ఆయన ప్రసంగాల్లో తొలి ఏళ్లలో మూడు విషయాలు పదేపదే వచ్చేవి: సారాకొట్లు, ఆదివారం పనులు, నాట్యాలు. ఊరి జనాభాతో పోలిస్తే సారాకొట్లు చాలా ఎక్కువ. కూలి డబ్బు అక్కడే కరిగిపోయి ఇళ్లలో పిల్లలు పస్తులుండడాన్ని ఆయన కళ్లారా చూశాడు. జనం వెళ్లడం తగ్గాక ఒక్కొక్క కొట్టూ మూతపడింది. దుకాణదారు జీవనాధారం పోకుండా పరిహారంగా డబ్బు ఇచ్చిన సందర్భమూ ఉంది. నాట్యాల విషయంలో ఆయన కాఠిన్యం నేటి పాఠకులకు అతిగా అనిపించవచ్చు, ఆనాటి ఫ్రెంచి గురువుల్లో అది సాధారణ ధోరణి. బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట 1823లో కట్టించిన ఉపపీఠం దగ్గర, ఆ పునీతుడి తల ఒక నాట్యానికి వెలగా పోయిందన్న అర్థం వచ్చే మాటలు రాయించాడు.

ఎదురుదెబ్బలూ ఉన్నాయి. ఆయన మీద నీలాపనిందలు పుట్టాయి, ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. పొరుగు విచారణల గురువుల్లో కొందరు, తగిన చదువు లేని మనిషి తమ జనాన్ని లాక్కుంటున్నాడని పీఠాధిపతికి ఫిర్యాదు రాశారు. ఆ కాగితం తన చేతికి చిక్కినప్పుడు వియాన్నీ తానూ దాని కింద సంతకం చేశాడని సమకాలికులు చెప్పారు. కాలక్రమంలో ఫిర్యాదుదారుల్లో పలువురు ఆయన దగ్గరికే సలహాకు వచ్చారు.

దేవాలయ విస్తరణ

గుడి చిన్నది, పాతది, విప్లవంలో దెబ్బతిన్నది. గురువు కొత్త ప్రధాన పీఠాన్ని చేయించాడు, గంటల గోపురాన్ని ఇటుకలతో తిరిగి కట్టించాడు, గోడల వెంట ఒక్కొక్కటిగా ఉపపీఠాలు చేర్చాడు: మరియమాత, బాప్తిస్మమిచ్చు యోహాను, క్రీస్తు శ్రమలు, పవిత్ర దూతలు, 1837లో పునీత ఫిలోమిన. తాను ఉడికించిన బంగాళదుంపలతో రోజులు గడిపిన గురువు పూజావస్త్రాల కోసం మాత్రం లియోన్ పట్టు దుకాణాల్లో మేలైనవి ఎంచేవాడు. పేద రైతుకు తన ఊళ్లో కనిపించే ఒకే ఒక అందమైన చోటు గుడే కావాలన్నది ఆయన ఉద్దేశం. 1836 మే 1న విచారణను నిష్కళంక మరియమాతకు అంకితం చేశారు.

ఫిలోమిన అవశేషాన్ని ఆయనకు ఇచ్చినది లియోన్ నివాసి పొలీన్ జరికో కుటుంబం. ఆమె చొరవతో 1822లో లియోన్‌లో పుట్టిన విశ్వాస వ్యాప్తి సంఘం సామాన్యుల చిన్నచిన్న చందాలతో ప్రపంచమంతటా కతోలిక మిషన్లను పోషించింది. భారతదేశపు మిషన్లకూ ఆ నిధులు అందాయి. ఆర్స్ చుట్టుపక్కల పల్లెల భక్తి జీవితం దూరదేశాల విచారణలతో ముడిపడిన తీరుకు ఇది ఒక నిదర్శనం.

పాఠశాలలు

ఆర్స్‌లో ఆడపిల్లలకు విడిగా బడి ఉండేది కాదు. వియాన్నీ ఊరికే చెందిన కత్రీన్ లస్సాఞ్, బెనువాత్ లార్దె అనే ఇద్దరు రైతుబిడ్డలను ఎంచి, ఫరెన్ గ్రామంలోని పునీత జోజప్ప సభ మఠకన్యల దగ్గరికి శిక్షణకు పంపాడు. 1824లో గుడి పక్కన కొన్న ఇంట్లో వారి ఆధ్వర్యంలో ఉచిత పాఠశాల మొదలైంది. దానికి ప్రోవిదాన్స్, అంటే దైవసంరక్షణ, అని పేరు పెట్టారు. మూడేళ్లలో అది అనాథ బాలికల ఆశ్రమంగా కూడా మారింది. ఒక్కోసారి అరవై మంది వరకు పిల్లలు అందులో ఉండేవారు. చదవడం, రాయడం, కుట్టుపని, వంట, సత్యోపదేశం నేర్పేవారు. ఆదాయం నికరంగా ఉండేది కాదు. గింజలు నిండుకున్న రోజున అటక మీద ధాన్యం నిండి కనిపించిందన్న అద్భుత వృత్తాంతాన్ని సాక్షులు తరువాత పునీత పట్టం కోసం జరిగిన సాక్ష్యాల సేకరణలో చెప్పారు.

ఆశ్రమంలో ప్రతిరోజూ పదకొండు గంటలకు గురువు పిల్లలకు చెప్పే సత్యోపదేశాన్ని వినడానికి పెద్దలు, తరువాత యాత్రికులు చేరసాగారు. చోటు చాలక ఆ ఉపదేశాన్ని గుడిలోకి మార్చారు. ఊరి పిల్లల కోసం మొదలైన పాఠమే చివరికి ఫ్రాన్స్ నలుమూలల వారికి ఉపదేశమయింది. 1840ల చివర ఆశ్రమాన్ని జోజప్ప సభ మఠకన్యలకు అప్పగించారు. పని నేర్చిన గ్రామ యువతులను పక్కన పెట్టి జరిగిన ఈ మార్పు వియాన్నీని బాధించింది, అయినా పీఠాధిపతి నిర్ణయాన్ని పాటించాడు. మగపిల్లల బడిని 1849లో బెలే పట్టణపు పవిత్ర కుటుంబ సహోదరులు చేపట్టారు. బడి నిర్వహణకు వచ్చిన సహోదరుడు అతనాస్ గుడి పనుల్లోనూ యాత్రికుల ఏర్పాట్లలోనూ ముఖ్యుడయ్యాడు.

యాత్రాస్థలంగా మారిన తీరు

పొరుగు విచారణల్లో జరిగే ప్రత్యేక ప్రసంగ కూటాలకు సాయంగా వెళ్లినప్పుడు వియాన్నీ దగ్గర పాపసంకీర్తనం చేసినవారు, తరువాత ఆయనను వెతుక్కుంటూ ఆర్స్‌కు రావడం 1820ల చివర మొదలైంది. 1830ల నుంచి ఆ ప్రవాహం ఆగలేదు. లియోన్ నుంచి ఆర్స్‌కు గుర్రపుబండ్లు క్రమంగా నడిచేవి. రైలు వచ్చాక లియోన్ స్టేషన్‌లో ఆర్స్ యాత్రికుల కోసం ప్రత్యేక టికెట్ కౌంటరు తెరిచి, ఎనిమిది రోజులు చెల్లే రానుపోను టికెట్లు అమ్మారు. తమ వంతు రావడానికి అన్ని రోజులు పట్టేది మరి. సారాకొట్లు మూతపడిన ఊళ్లో యాత్రికుల బసలు, జపమాలల దుకాణాలు వెలిశాయి, రైతు కుటుంబాలకు కొత్త ఆదాయం వచ్చింది.

గురువు దినచర్య దీని చుట్టూనే అల్లుకుంది. నడిరేయి దాటగానే గుడికి వెళ్లి స్త్రీల పాపసంకీర్తనాలు వినేవాడు. ఉదయం పూజ తరువాత దేవాలయ వస్త్రశాలలో పురుషుల వంతు. పదకొండుకు ఉపదేశం, ఆపై క్షణాల్లో ముగిసే భోజనం, రోగుల సందర్శన, మళ్లీ రాత్రి వరకు పాపసంకీర్తనాలు. చలికాలంలో రోజుకు పదకొండు, పన్నెండు గంటలు, వేసవిలో అంతకన్నా ఎక్కువ పాపసంకీర్తనపు పెట్టెలో కూర్చునేవాడు. చివరి ఏడాది వచ్చినవారిని 80,000 నుంచి లక్ష వరకు అంచనా వేశారు.

ఒక చిన్న విచారణకు ఇంత జనం రావడం భారమే. ఊరివారికే గురువు దొరకని పరిస్థితి రాకుండా, ఆర్స్ నివాసులకు వరుసలో నిలబడకుండా ముందు అవకాశం ఇచ్చేవారు. 1845లో రేమొఁ, 1853లో జోసెఫ్ తొకానియే సహాయక గురువులుగా వచ్చారు. ఆత్మల బాధ్యతకు తాను తగనన్న భయంతో, ఏకాంత ప్రార్థన కోసం తపిస్తూ, వియాన్నీ మూడుసార్లు రాత్రివేళ ఊరు విడిచి వెళ్లబోయాడు. 1843లో తీవ్ర జబ్బు నుంచి కోలుకున్న తరువాత దార్దియీ వరకు వెళ్లి తిరిగొచ్చాడు. 1853లో గ్రామస్థులు గంటలు మోగించి, దారికి అడ్డం నిలిచి వెనక్కి తీసుకొచ్చారు. 1852లో పీఠాధిపతి ఇచ్చిన గౌరవ శాలువను అమ్మి ఆ డబ్బును మంచి పనులకు ఖర్చు చేశాడు. 1855లో ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు ఇచ్చింది. మేత్రాసనంలోని ఇతర పేద విచారణల్లో క్రమం తప్పకుండా ప్రసంగ కూటాలు జరగడానికి ఆయన కూడబెట్టిన నిధి ఆర్స్‌కు వచ్చిన కానుకలను చుట్టుపక్కల పల్లెలన్నిటికీ చేర్చింది.

1859 ఆగస్టు 4 తెల్లవారుజామున, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో వియాన్నీ తన గదిలో కన్నుమూశాడు. ఆర్స్‌లో ఆయన సేవ 41 ఏళ్లు సాగింది.

1859 తరువాత

గురువు పోతే యాత్ర ఆగిపోతుందని అనుకున్నవారున్నారు, అలా జరగలేదు. తొకానియే తరువాతి విచారణ గురువయ్యాడు. లియోన్‌లోని ఫూర్వియేర్ కొండ మీది దేవాలయాన్ని రూపొందించిన పియేర్ బొస్సాఁ ఆర్స్‌కు కొత్త బసిలికాను గీశాడు. 1862లో నిర్మాణం మొదలైంది. పాత గుడి నడిమి భాగాన్ని, వియాన్నీ చేర్చిన ఉపపీఠాలను, పాపసంకీర్తనపు పెట్టెను అలాగే ఉంచి, దాని వెనుక గుమ్మటంతో కొత్త భాగాన్ని కలిపారు. నేడు యాత్రికులు పల్లె గుడిలోంచి నడిచి బసిలికాలోకి ప్రవేశిస్తారు.

అదే 1862లో పునీత పట్టం కోసం సాక్ష్యాల సేకరణ మొదలైంది. కత్రీన్ లస్సాఞ్, సహోదరుడు అతనాస్, కోటవారు, రైతులు, చేతివృత్తులవారు ప్రమాణపూర్వకంగా చెప్పిన మాటలను లేఖకులు నమోదు చేశారు. కత్రీన్ తన జ్ఞాపకాలను స్వయంగా రాసిపెట్టింది. ఆ పత్రాల పుణ్యమా అని, 19వ శతాబ్దపు పల్లె విచారణల్లో ఆర్స్ నిత్యజీవితం మనకు అరుదైనంత వివరంగా తెలుస్తోంది. అల్ఫ్రెడ్ మొనిన్ 1861లో ప్రచురించిన జీవిత చరిత్ర ఆర్స్ పేరును ఐరోపా అంతటా పరిచయం చేసింది.

పోపు పదవ పయస్ 1905 జనవరి 8న వియాన్నీని ధన్యుడిగా ప్రకటించాడు. పదకొండవ పయస్ 1925 మే 31న పునీతుడిగా ప్రకటించి, 1929లో విచారణ గురువులందరికీ పాలక పునీతుడిగా నియమించాడు. వందేళ్ల వర్ధంతి సందర్భంగా 1959లో ఇరవై మూడవ జాన్ పోపు గురుత్వం గురించి ఒక విశ్వలేఖ రాశాడు. 1961 నాటికి పెద్ద సమూహాల కోసం నేలమాళిగలో మరో దేవాలయం సిద్ధమైంది. 1986 అక్టోబరులో పోపు రెండవ జాన్ పాల్ ఆర్స్‌ను సందర్శించాడు. 1988లో మేత్రాసనం పేరే బెలే-ఆర్స్‌గా మారింది. గురు విద్యార్థుల కోసం ఇక్కడ ఒక సెమినరీ కూడా నడుస్తోంది. గురువు నివసించిన ఇల్లు ఆయన మంచం, పుస్తకాలు, గిన్నెలతో సహా ఉన్నదున్నట్టు ఉంది.

ప్రాముఖ్యం

విప్లవం తరువాత ఫ్రాన్స్‌లో గ్రామీణ విచారణల పునర్నిర్మాణం ఎలా సాగిందో అధ్యయనం చేసేవారికి ఆర్స్ ప్రధాన ఉదాహరణ. మూతపడ్డ గుడి, అనుబంధ హోదా, గురువుల కొరత, చదువులేని తరం వంటి ఇబ్బందులు వేల పల్లెలవి. జమీందారీ కుటుంబపు సాయం, కొత్త మఠసభలు నడిపిన బడులు, సంఘాలు, ప్రసంగ కూటాలు కూడా అంతటా కనిపించేవే. అలవాటైన ఆ పనుల్నే ఒకే చోట నాలుగు దశాబ్దాలు విసుగు లేకుండా చేయడమే ఆర్స్‌ను వేరు చేసింది. వియాన్నీ కొత్త సిద్ధాంతమేదీ ప్రతిపాదించలేదు, మఠసభ స్థాపించలేదు, పెద్ద గ్రంథం రాయలేదు. పల్లె గురువు చేయవలసిన పనులు చేశాడు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మేత్రాసనాలతో సహా కతోలిక శ్రీసభ అంతటా ఆగస్టు 4న ఆయన పండుగ జరుగుతుంది. తెలుగు విచారణల్లో అది తమ గురువుకు శుభాకాంక్షలు చెప్పే రోజు కూడా. ఉపదేశి పెట్టిన ప్రార్థనతో, పూరింటి గుడితో, ఒక చిన్న బడితో మొదలైన పల్లె విచారణలు తెలుగు నేల మీద ఎన్నో ఉన్నాయి. వాటి రిజిస్టర్లు, పెద్దల జ్ఞాపకాలు ఆర్స్ సాక్ష్యాలంత శ్రద్ధగా సేకరించి భద్రపరచదగినవి. చిన్న విచారణ చరిత్ర రాయడానికి పెద్ద సంఘటనలు అక్కరలేదనీ, ఎవరు నేర్పారో, ఎవరు కట్టారో, ఎవరు నిలబడ్డారో నమోదైతే చాలుననీ ఆర్స్ చరిత్ర రుజువు చేస్తోంది.